ఫ్రీజర్లో అప్ప

గుప్పిట్లో చిన్న సీసాలోని గడ్డ కరుగుతోంది. చలి వేళ్లలోంచి మోచేతి దాకా పాకింది. సాల్ట్ లేక్‌లోని మా ల్యాబులో ఈ సీసాను ముట్టుకోవడానికి నేను తప్ప ఎవరూ ముందుకు రారు. ఇందులో ఉన్నది సుభద్ర అప్ప రక్తంలోంచి తీసిన సీరమ్. ఆమె పోయి ఏళ్లయింది.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్సులో పెరిగిన తెలుగు మనిషి, నాకు పని నేర్పిన పై అధికారి. బెంగాలీలకు దీది, మా యాసలో అక్కని పిలిచినట్టు నాకు అప్ప. గుండె మీద భారం పడితే రక్తంలో ఒక ప్రోటీను పెరుగుతుంది. ఆ పరీక్ష మొదలుపెట్టిన కొత్తలో, మిషను సరిగ్గా ఉందో లేదో చూడ్డానికి రోజూ పొద్దున్నే ఆరోగ్యవంతుల నమూనాగా తన రక్తమే పెట్టేది. ఒకనాడు అంకె బాగా పెరిగి వచ్చింది. "మిషనుకేటో అయిందే, సూడు," అంది. మెకానిక్కుని పిలిపించింది, రసాయనాలు మార్పించింది. మెట్లెక్కితే వచ్చే ఆయాసాన్ని మాత్రం లావెక్కడం మీదికి నెట్టేసింది. మొండిఘటం, ఎవరి మాట వింటుంది?

చివరికి నా రక్తం పెట్టి చూశాం. అంకె మామూలుగానే వచ్చింది. అప్ప నా కాగితాన్నీ తన కాగితాన్నీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. "మిషను మంచిదేనే పిల్లా," అంది మెల్లగా. రక్తపరీక్ష దారి చూపింది, అంతే. ఎకో తీసి, గుండెలోకి సన్నని గొట్టం పంపి చూశాక, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగిందని తేలింది. మందులు కొన్నాళ్లు నిలబెట్టాయి. ఆ రోజుల్లోనే తన రక్తం తీయించి, సీరమ్ చిన్న సీసాల్లో పోయించి, ఫ్రీజర్లో పెట్టించింది.

"నాను పోయినా నా నంబరు పోదే. మిషను మీద అనుమానమొస్తే నన్నడుగు."

అడుగుతూనే ఉన్నాను. ఎప్పుడడిగినా ఇంచుమించు అదే అంకె. మనిషి లేదు, ఆమె ఆయాసం మాత్రం మిషనులోంచి వస్తూనే ఉంది. మొదటిసారి నాకు ఏడుపొచ్చింది.

ఇవాళ వాట్‌గంజ్ నుంచి ఓ పిల్ల రక్తం వచ్చింది. ఓడరేవు కూలీ కూతురు, చాన్నాళ్లుగా ఉబ్బసమని మందులు మింగుతోంది. అంకె అప్ప అంకె కన్నా ఎక్కువ. ఆ వయసు పిల్లకి అంత ఉండదనీ, మిషనే తప్పు చూపిస్తోందనీ, రిపోర్టు ఆపమనీ అన్నాడు డ్యూటీ డాక్టరు. ఆపితే ఆ పిల్ల మళ్లీ ఉబ్బసం మందులతోనే బతుకీడుస్తుంది. అందుకే ఈ ఆఖరి సీసా తీశాను.

కరిగిన సీరమ్ మిషనులో పెట్టాను. అది కాసేపు గురగురమని ఆగింది. అప్ప అంకె వచ్చింది.

డాక్టరుకి చూపించి, రిపోర్టు మీద సంతకం పెట్టించి, పిల్ల తండ్రికి నేనే ఫోన్ చేశాను. ఇవాళే ఎకో తీయించమన్నాను. ఖాళీ సీసా పారెయ్యబుద్ధి కాలేదు, జేబులో వేసుకున్నాను. బస్సెక్కి కూర్చున్నా, ఇంత ఉక్కలోనూ జేబు దగ్గర ఇంకా చల్లగానే ఉంది.