పాత స్నాప్‌షాట్

స్కాన్ సెంటర్‌లో అందరూ ఆమెను ఫొటో పిన్ని అంటారు. నిజానికి ఆమె ఏనాడూ కెమెరా ముట్టుకున్న పాపాన పోలేదు. స్కాన్‌లన్నీ దాచే స్టోరేజ్ సర్వర్‌ను పదకొండేళ్లుగా చూసుకుంటోంది, అంతే. రోజూ అందరికంటే ముందొచ్చి, ఒకప్పుడు ఎక్స్‌రే ఫిల్ములు కడిగిన చీకటి గదిలోకి దూరి, అక్కడున్న ఆ సర్వర్ పెట్టెలో ఉన్నదంతా ఆ క్షణాన ఎలా ఉందో అలాగే పట్టి ఉంచే స్నాప్‌షాట్ ఒకటి తీస్తుంది. అది అయ్యేదాకా పెద్ద డాక్టరైనా గుమ్మంలో నిలబడాల్సిందే. పది రోజులవి ఉంచి, అంతకన్నా పాతవి తీసేస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకు ఆమె చెప్పే పాఠం ఒక్కటే. కొత్త ఫైళ్లు వస్తే స్నాప్‌షాట్ ఉబ్బదు. ఉన్న ఫైళ్లను ఎవరైనా మారిస్తేనే, మారకముందు రూపాన్ని దాచుకోవడానికి చోటు తింటుంది. ఈ మాట చెప్పీ చెప్పీ ఆమె నోరు నొప్పెట్టింది.

ఆ శనివారం చూస్తే ముందురోజు స్నాప్‌షాట్ ఎప్పుడూ ఉండేదానికి పదింతలు ఉబ్బి ఉంది. ఆదివారానికి ఇంకా పెరిగింది. సోమవారం రిసెప్షన్ అమ్మాయి ఏదో పాత ఫైలు తెరుచుకోవట్లేదని చెబితే, కంప్యూటర్ ఆపి మళ్లీ వెయ్యమంది. పాత స్కాన్‌లను ఎవరు మారుస్తున్నారన్న ప్రశ్న ఆమెకు తట్టాలి. తట్టలేదు. ఆమె మనసు మనసులో లేదు మరి.

ఆమె అక్కకు తలలో చిన్న గడ్డ ఉంది. మూడేళ్ల కిందట ఇక్కడే స్కాన్ తీశారు. వచ్చే శుక్రవారం మళ్లీ తీసి, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తానన్నాడు డాక్టరు. గడ్డ పెరిగి ఉంటే కొయ్యాలి. కోస్తే మాట పడిపోవచ్చు. పెరగకపోతే దాని జోలికి పోనక్కర్లేదు. అప్పట్లో డిస్కు ఇస్తామంటే, నా దగ్గర భద్రంగా ఉంటుంది, నీకెందుకక్కా అని వద్దనిపించింది ఈ మహాతల్లే.

గురువారం పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. చోటు అయిపోవస్తోంది. ఈమధ్యే వచ్చిన కొత్త స్కాన్ మిషన్ పంపే పెద్ద ఫైళ్ల వల్లే అనుకుంది. తన పాఠం తానే మరిచిపోయింది. రేపు అక్క స్కాన్‌కు చోటు ఉండాలని, మూడు ఉంచి, పాత స్నాప్‌షాట్‌లు ఏడూ చెరిపేసింది. ఖాయమేనా అని పెట్టె అడిగింది. ఖాయమేనని నొక్కింది. దీపం పచ్చబడింది. ఆ పూట హాయిగా టీ తాగింది.

శుక్రవారం పాత స్కాన్ తెరుచుకోలేదు. బయటివాళ్లెవరో సర్వర్‌లోకి చొరబడి, వారం రోజులుగా, అన్నిటికన్నా పాత ఫైళ్ల నుంచి మొదలుపెట్టి, తమకు తప్ప ఎవరికీ తెరుచుకోకుండా ఒక్కొక్కదానికే తాళం వేసుకుంటూ వస్తున్నారు. పిన్ని పరుగున చీకటి గదిలోకి పోయింది. మిగిలిన మూడు స్నాప్‌షాట్‌లూ తెరిచింది. మూడింటిలోనూ అక్క ఫైలుకు తాళమే. తాళం పడకముందువి నిన్న తన చేత్తోనే చెరిపేసింది.

బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది.

"పెరిగిందా?" అంది.

"తెలీదక్కా. ఇక తెలిసే దారి కూడా లేదు. పాతది నేనే చెరిపేశాను."

అక్క తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"అయితే కోయించుకోనా వద్దా, నువ్వే చెప్పు" అంది.