పిన్ని తవ్విన దారి

మా పిన్ని పోయింది. పోయిన నెల ఒక సోమవారం పొద్దున నేను ఆఫీస్ మీటింగ్‌లో ఉండగా బాబాయి ఫోన్ చేశాడు. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆయనకి మాట కూడదీసుకోవడం కష్టం. అందుకని ఫోన్ ఎప్పుడూ పిన్నే చేసేది. స్క్రీన్ మీద ఆయన నంబర్ చూడగానే మీటింగ్‌లోంచి బయటికి వచ్చేశాను. "అమ్మాయ్... మీ పిన్ని... లేవట్లేదే" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత డాక్టర్లు చెప్పారు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. నేను ఉద్యోగానికి అమెరికాలో ఈ క్యారీ ఊరికి వచ్చేనాటికే ఇక్కడ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పాతకాపు. పిల్లల్లేరు. ఆ ముచ్చటంతా నా మీదే తీర్చుకుంది, తిట్లతో సహా. ఎవరైనా "పని చేస్తోందండీ" అంటే ఆవిడకి ఒళ్ళు మండేది. "చేస్తోందని చెప్పకు, చేయించి చూపించు" అనేది. ఆఫీసులో ప్రోగ్రాములకీ అదే మాట, ఇంట్లో నా పప్పుచారుకీ అదే మాట. రిటైరయ్యాక కూడా ఆ గుణం పోలేదు.

ఇది చదివే ఇక్కడి తెలుగువాళ్ళలో కొందరు ఆవిణ్ణి ట్రాక్టర్ ఆంటీ అని ఎరుగుదురు. తలో వంటకం తెచ్చుకుని తినే పాట్‌లక్‌లలో ఆవిడ గోళ్ళల్లో గ్రీజు చూసి నవ్వుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆ ట్రాక్టర్ ఆ ఇంటికి ఎందుకొచ్చిందో మాత్రం చాలామందికి తెలియదు. అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

వాళ్ళ ఇల్లు ఊరి చివర. వెనక పెరడంతా పైన్ చెట్ల మధ్య ఏటవాలుగా దిగుతుంది, అడుగున చిన్న వాగు. బాబాయి బాగున్న రోజుల్లో సాయంత్రం కాఫీ ఇద్దరూ ఆ వాగు దగ్గరే తాగేవాళ్ళు. ఆయన కుడివైపంతా పడిపోయి వీల్‌చెయిర్‌లోకి వచ్చాక ఆ కాఫీ ఇంటి వెనక చెక్క అరుగు, డెక్ మీదికి మారింది. ఒకరోజు పిన్ని అడిగింది, "వాగు దగ్గరికి వెళ్ళాలనుందా?" అని. "పర్లేదులే... ఇక్కణ్ణించి... కనిపిస్తోందిగా" అన్నాడు. అక్కణ్ణించి కనిపించేవి పైన్ చెట్లే. ఆ సంగతి ఆయనకీ తెలుసు, ఆవిడకీ తెలుసు. పిన్ని వంటింట్లోకి వచ్చి, కుళాయి పూర్తిగా తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. నేను అక్కడే గిన్నెలు తుడుస్తున్నాను.

మర్నాటి నుంచి దారి వేయించే ప్రయత్నం మొదలైంది. వచ్చిన కాంట్రాక్టర్లందరూ ఒకటే పాట. చెట్లు కొట్టేసి తిన్నగా రోడ్డు వేస్తాం అన్నారు. తిన్నగా వేస్తే వీల్‌చెయిర్ జారుతుంది, చెట్లు పోతే బాబాయి బెంగపడతాడు. చెట్ల మధ్య మెలికలు తిరుగుతూ మెల్లగా దిగే దారి కావాలి ఆవిడకి. "పెద్ద మెషీన్ ఇందులో పట్టదు మేడమ్" అని ఆఖరివాడు కూడా వెళ్ళిపోయాక, "నా మొగుడికి దారి నేను వేసుకోలేనటే?" అంది నాతో. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. మా పిన్ని ముందు ఆ మొండివాడు కూడా దిగదుడుపే.

వెతగ్గా వెతగ్గా ఒక పాత పొగాకు పొలంలో, కూలిపోతున్న కొట్టంలో దొరికింది. ట్రాక్టరే గానీ చక్రాలకి బదులు ఇనుప పట్టాలు. ముందు మట్టి తోసే డోజర్ బ్లేడు, వెనక తవ్వే చెయ్యి. మన ఊళ్ళల్లో చూసే ప్రొక్లెయినర్‌కి బుల్లి మనవడన్నమాట. మా అమ్మ పుట్టక ముందుది. పట్టాల సందుల్లోంచి ముళ్ళ తీగలు మొలిచాయి, సీటు కింద ఏదో పిట్ట గూడు కట్టుకుంది. పిన్ని దాని చుట్టూ తిరిగి, పెళ్ళిచూపుల్లో పెద్దముత్తైదువలా కళ్ళద్దాలు సర్దుకుని, "చెట్ల మధ్య పడుతుంది. తీసుకుంటున్నాను" అంది.

"పిన్నీ, ఇది కదలదే!"

"నువ్వూ పుట్టినప్పుడు కదల్లేదు. నర్సు వీపు మీద రెండు తగిలించాకే కేరుమన్నావు."

దాన్ని లారీ మీద పెరట్లోకి తెప్పించింది. ఇంజను బిగుసుకుపోయి ఉంది. దాని కడుపులోకి నూనె పోసి, రోజూ వెళ్ళి చెక్క పెట్టి సుత్తితో మెల్లగా తట్టేది. నాకు ఓపిక చాలక ఒకరోజు గట్టిగా కొట్టబోతే చెయ్యి పట్టుకుంది. "తుప్పుతో గొడవ పడకూడదే. బతిమాలుకోవాలి" అంది. ఆ మాట ఆవిడ బాబాయికి ఎక్సర్‌సైజులు చేయించేటప్పుడు కూడా నాకు గుర్తొచ్చేది. బిగుసుకున్న వేళ్ళని ఒక్కొక్కటే విప్పుతూ, పాత కబుర్లు చెబుతూ, అలాగే బతిమాలేది.

ఇంజను కదిలిందన్న సంబరం తీరకముందే ఇంకో తగువు. ఈ బండికి స్టీరింగ్ చక్రం ఉండదు, రెండు లివర్లుంటాయి. ఎడమది లాగితే ఎడమకి, కుడిది లాగితే కుడికి తిరగాలి. ఎడమవైపు క్లచ్ ప్లేట్లు తుప్పుతో అంటుకుపోయాయి. అందుకని చాలా రోజులు ఆ బండి కుడికే తిరిగింది. ఎటు వెళ్ళాలన్నా పిన్ని కుడివైపుగా ఒక చుట్టు చుట్టి వచ్చేది. బాబాయి డెక్ మీంచి చూసి, "మధ్యలో... దేవుణ్ణి పెట్టు. ప్రదక్షిణాల... పుణ్యమైనా దక్కుతుంది" అన్నాడు. జబ్బు చేశాక ఆయన వేసిన మొదటి జోకు అది. పిన్ని బండి ఆపేసి, నవ్వలేక నవ్వలేక, చివరికి పైటతో కళ్ళు తుడుచుకుంది. ఆ లివరుని తాడుతో వెనక్కి కట్టేసి, బండిని ముందుకీ వెనక్కీ ఊపి ఊపి, మొత్తానికి దాన్ని కూడా దారికి తెచ్చింది.

దసరాల్లో ఆయుధ పూజకి ముందు రోజు దానికి పసుపు రంగు వేసింది. పూజనాడు ఆఫీస్‌కి సెలవు పెట్టి నేనూ వెళ్ళాను. బండికి పూజంటే చక్రానికో నిమ్మకాయ కదా, దీనికి చక్రాలేవీ? ఆ చర్చలోనే అరగంట పోయింది. చివరికి పట్టాకొకటి చొప్పున రెండు పెట్టాం. బ్లేడు మీద కొబ్బరికాయ కొట్టింది. తర్వాత ఇంజను మూత మీద కుంకుమ బొట్టు పెడితే, రంగు ఇంకా ఆరలేదు! తుడవబోతే కుంకుమా రంగూ కలిసి అరచేయంత మేర ఎర్రగా అలుక్కుపోయింది. ప్రతిదీ పదిసార్లు టెస్ట్ చేసే మనిషి, ముహూర్తం తొందరలో రంగు ముట్టుకుని చూడటం మరిచిపోయింది. "మళ్ళీ వేద్దామా?" అన్నాను. "పెళ్ళికూతురికి బొట్టు చెదిరితే పెళ్ళి ఆపుతారటే? ఎక్కు, పద" అంది.

అప్పుడు మొదలైంది అసలు పని. వెనక చేత్తో వేళ్ళు పెకలించడం, ముందు బ్లేడుతో ఎర్రమట్టి తోయడం, మీద సన్న కంకర పరిచి పట్టాలతో తొక్కించడం. శనాదివారాలు నేనూ వెళ్ళి నేర్చుకుని తోలేదాన్ని. ఒక్కో మెలిక పూర్తవగానే పిన్ని బాబాయి వీల్‌చెయిర్‌లో తను కూర్చునేది. చేతిలో స్టీలు గ్లాసు, అంచుదాకా కాఫీ. నేను వెనక నుంచి నెట్టాలి.

"తొణికితే ఫెయిల్" అనేది.

తొణికేది. కాలుతున్న కాఫీ చేతి మీద పడితే "అబ్బా!" అనుకుంటూనే, తొణికిన చోట మడమతో గీత గీసేది. మళ్ళీ బండెక్కి ఆ గతుకు చదును చేసేది. చుక్క కూడా ఒలకని రోజున "పాస్" అని, ఆ కాఫీ అక్కడే తాగేసేది. అన్ని మెలికలూ పాసయ్యేదాకా బాబాయి చక్రం ఆ దారి మీద పెట్టడానికి లేదు. "కొంచెం దూరమైనా తీసుకెళ్ళొచ్చుగా?" అంటే, "సగం దాకా తీసుకెళ్ళి వెనక్కి తెస్తే ఆయన మనసేం కావాలే?" అంది. దారి వాగుదాకా తవ్వేసింది. ఆఖరి మెలిక ఒక్కటి ఇంకా టెస్ట్ కాలేదు. అంతలో ఆ సోమవారం వచ్చింది.

పెద్దకర్మ అయ్యాక ఒక మధ్యాహ్నం మా ఆయనతో కలిసి వెళ్ళి బాబాయిని అడిగాను. "వెళ్దామా, కిందికి?"

తల అడ్డంగా ఊపాడు. "మీ పిన్ని... పాస్ చేయలేదుగా."

నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియదు. లోపలికెళ్ళి కాఫీ కలిపి, గ్లాసు నిండా పోసుకుని, వీల్‌చెయిర్‌లో నేను కూర్చున్నాను. మా ఆయన నెట్టాడు. బాబాయి డెక్ మీద మామూలు కుర్చీలోంచి చూస్తున్నాడు. పై మెలికలన్నీ పట్టులా ఉన్నాయి. ఆఖరి దాంట్లో వానకి మట్టి కోసుకుపోయి గాడి పడింది. కాఫీ నా ఒళ్ళో పడింది. మడమతో గీత గీసి, వెళ్ళి ట్రాక్టర్ ఎక్కాను. బండి మాట విన్నది. గాడి పూడ్చి, కంకర వేసి, అటూ ఇటూ తొక్కించాను. మళ్ళీ కాఫీ. మళ్ళీ ఫెయిల్. సాయంత్రానికి గానీ తొణక్కుండా అడుగుదాకా చేరలేదు. పైకి చూసి, "పాస్, బాబాయ్!" అని అరిచాను.

బాబాయిని మేమిద్దరం మెల్లగా దింపాం. వాగు ఒడ్డున పిన్ని కాస్త వెడల్పుగా చదును చేసి పెట్టింది. బండి తిప్పుకోవడానికేమో అనుకునేదాన్ని నేను. కుర్చీ సరిగ్గా మధ్యలో ఆపి బ్రేకు వేశాను. ఆయన నీళ్ళకేసి చాలాసేపు చూశాడు. తర్వాత అటూ ఇటూ ఆ చదునుకేసి చూశాడు.

"అమ్మాయ్... కొంచెం... కుడికి జరుపు."

"ఎండ పడుతోందా, బాబాయ్?"

"కాదు. రెండు కుర్చీలకి... చోటు చేసింది. తను... ఎడమ పక్క."

బ్రేకు తీసి జరిపాను. బాబాయి పనిచేసే ఎడమచేతిని కుర్చీ అంచు మీంచి ఆ ఖాళీలోకి చాచి, అరచెయ్యి తెరిచి ఉంచుకుని, వాగుకేసి చూస్తూ కూర్చున్నాడు.