వాసన లేని ట్యాంకు

టెక్సస్‌లోని మా నోవీ డూబ్ ఊళ్ళో చర్చి పండగ నాడు వంట మగవాళ్ళది. గోతుల్లో ఓక్ నిప్పులు పరిచి, మీద ఇనప జల్లెడలు వేసి, చొక్కాలు తడిసిపోయేదాకా నిలబడి కాలుస్తారు. కానీ మాంసం దించాలా వద్దా తేల్చేది మాత్రం మా లుద్మిలా వదిన ముక్కు. చేతులు వెనక్కి కట్టుకుని, గాలి వచ్చే దిక్కున నిలబడి, ఒక్కసారి పీలుస్తుంది. "ఆ చివర కట్టె పచ్చిది. తీసెయ్యండి," అంటుంది. వేసినవాడు తల దించుకుని తీసేస్తాడు. సాసేజ్‌లో వెల్లుల్లి ఎక్కువైందా, పాలు రేపటికి విరుగుతాయా, ఎవరి మొగుడు ఎక్కడ తాగి వచ్చాడు, ఆ ముక్కుకి అన్నీ తెలుసు. టెక్సస్ మొత్తం మీద అలాంటి ముక్కు లేదని ఆవిడ మొగుడు అల్ఫోన్స్ అన్నయ్య బీరు గ్లాసు ఎత్తినప్పుడల్లా చెబుతాడు.

ఆవిడ నాకు ఆడపడుచు. నా భర్త బోహుమిల్‌కి సొంత అక్క. బోహుమిల్ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది. పెరట్లో మాంసం కాల్చుకోడానికి సొంతంగా ఒక పొగపొయ్యి ఉండాలని ముచ్చటపడి, ఎండలో ఏళ్ళ తరబడి పడున్న పాత పెట్రోలు పీపాని గ్యాస్ కట్టరుతో కోయబోయాడు. అది పేలింది. నేను వంటింట్లో పిండి పిసుకుతున్నాను. అంతకన్నా ఇప్పుడు చెప్పను.

ఏడుపు రెండేళ్ళకి ఆరింది. కోపం ఆరలేదు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం మా ఆయన. ఒకరిని అడగడం నామోషీ. ఒక్కరిని, ఒక్కమాట అడిగుంటే నా పిల్లాడికి తండ్రి ఉండేవాడు కదా అని ఆదివారం పూజ అయ్యాక సమాధి దగ్గర నిలబడి ప్రతివారం ఉన్న తిట్టే తిట్టేదాన్ని. "ఏం మొండిఘటమా, పూలు తెచ్చాను," అనేదాన్ని. అక్కడి ఫాదర్ గారు వినీ విననట్టు వెళ్ళిపోయేవారు.

ఆడపడుచు అర్ధమొగుడంటారు. బోహుమిల్ పోయాక లుద్మిలా వదిన నాకు పూర్తి మొగుడే అయింది. మా ఆవుల పాలు పితికింది, మా వాడికి జ్వరమొస్తే పక్కన కూర్చుంది, శనివారం శనివారం గసగసాల కోలాచీ రొట్టెలు బుట్టెడు తెచ్చి బల్ల మీద పెట్టి, కూర్చోమన్నా కూర్చోకుండా వెళ్ళిపోయేది. ఎంత మంచి మనిషి అనుకునేదాన్ని. కూర్చోకపోవడం మాత్రం వింతగా ఉండేది.

వాళ్ళ పెరట్లోకి పొగపొయ్యి రానివ్వలేదు ఆవిడ. అందరి పెరళ్ళలోనూ ఉంది, వీళ్ళకే లేదు. రోడ్ల శాఖలో ఉద్యోగం విరమించిన దగ్గర్నుంచి అల్ఫోన్స్ అన్నయ్య ఇక ఆగలేకపోయాడు. "చర్చి పండగ ఏడాదికోసారి. మిగతా రోజులు నేను గడ్డి తినాలా?" అని రోజూ నస. ఈ వేసవిలో ఆవిడ ఎందుకో మెత్తబడింది.

"కొనుక్కో," అంది. "కొన్నదే రావాలి ఇంటికి. చేసింది కాదు."

ముగ్గురం పట్నం వెళ్ళాం. ఆ కొట్టు కుర్రాడి చేత అన్నయ్య మూడు చెరువుల నీళ్ళు తాగించాడు. మొదట చూపించినదాన్ని వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాడు. "ఇది బిస్కట్ డబ్బా నాయనా. బయట గాలి వీస్తే లోపల నిప్పుకి చలేస్తుంది." రెండోది కరెంటుది. చెక్కపొట్టు బిళ్ళలు దానంతట అదే వేసుకుంటుందట, వేడి ఎంతుందో ఫోన్లో కనిపిస్తుందట.

"మీరు మంచం మీద పడుకునే వండొచ్చండీ," అన్నాడు కుర్రాడు.

"మంచం మీద పడుకోడానికి నాకు పొయ్యెందుకు?"

మూడోది గుడ్డు ఆకారంలో మట్టిది. కోడి కూర్చుంటే కట్టెకి చోటుండదన్నాడు. నాలుగోది చూడగానే ఆయన నోరు మూతపడింది. మందపాటి ఉక్కు గొట్టం, పక్కన వేరే నిప్పుగూడు, చివర పొగగొట్టం. కట్టెలు గూట్లో మండితే వేడీ పొగా మాత్రమే మాంసం మీదుగా వెళ్తాయి. కణుపుతో కొడితే చర్చి గంటలా మోగింది. మూత ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. తర్వాత ధర చీటీ చూసి, కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కొనకుండానే వెనక్కి బయల్దేరాం. దారిలో వదిన కిటికీలోంచి చూస్తూ, "అదే కొనుక్కోవయ్యా," అని ఒకసారి అంది. ఆయన వినిపించుకోలేదు.

ఆ తర్వాతి శనివారం కోలాచీలు రాలేదు. ఫోను వచ్చింది. "ఓటీలీ, ఒకసారి రా," అంది వదిన. ఆ గొంతు నాకు నచ్చలేదు. కాళ్ళకి చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు.

వాళ్ళ కొట్టం ముందు పాత వంటగ్యాస్ ట్యాంకు పడుంది. చనిపోయిన తన మేనమామ పాడింటి వెనక నుంచి అన్నయ్య ట్రాక్టరుకి గొలుసు కట్టి లాక్కొచ్చాడు. గేదె అంత ఉంది, ఒళ్ళంతా తుప్పు. పొద్దున్నే దాని కవాటం విప్పేశాడట. పక్కన గ్యాస్ కట్టరు సిలిండర్లు, నల్లద్దాలు, సుద్దముక్క. మూత ఎక్కడ కోయాలో, నిప్పుగూడు ఎక్కడ అతకాలో సుద్దతో గీసి కూడా ఉంచాడు. బోహుమిల్ కూడా ఇలాగే గీశాడు.

"చెల్లమ్మా, ఈ గోడ మందం చూడు," అన్నాడు అన్నయ్య హుషారుగా. "కొట్టువాడి నాలుగోదానికి ఇది తాత. ఊరికే వచ్చింది."

"ఊరికే వస్తే ఫినాయిలైనా తాగుతావు నువ్వు," అంది వదిన. ఆవిడ నవ్వడం లేదు. "నీళ్ళు నింపి కొయ్యి. ఒక్కటే మాట."

"బోరు బురద కక్కుతోంది, చూట్టంలేదూ? చెరువు పగుళ్ళిచ్చింది. ఉన్న నాలుగు చుక్కలూ దీన్లో పోస్తే ఆవులేం తాగుతాయి, నీ తిట్లా?"

"నీళ్ళు లేకుండా కోయడానికి వీల్లేదు."

"విప్పినప్పుడు బుస్సుమని కూడా అనలేదే. ఇరవయ్యేళ్ళ నుంచి ఎండుతోంది. లోపల తుప్పు తప్ప ఏముంటుంది?" ఆయన చేతులు దులుపుకున్నాడు. "సరే. పంచాయితీ ఎందుకు? నీ ముక్కుకి మించిన ముక్కు ఈ చుట్టుపక్కల లేదు. వచ్చి చూడు. వాసనుందంటే ఇక్కడితో మానేస్తా, బైబిల్ మీద ఒట్టు. లేదంటే కోస్తా. మళ్ళీ నస పెట్టకూడదు."

వంటగ్యాస్‌లో కలిపే ఆ కుళ్ళు వాసన మామూలు ముక్కులకే తెలుస్తుంది. ఇక ఆవిడ ముక్కుకి చెప్పాలా? ఆవిడ వెళ్ళి, వంగి, కవాటం విప్పిన కంత మీద ముఖం పెట్టింది. చాలాసేపు పీల్చింది. తల తిప్పి గాలి పీల్చుకుని మళ్ళీ వంగింది. వాసనుందని చెప్పు తల్లీ అని నేను లోపల మొక్కుకుంటున్నాను. లేకపోయినా సరే, అబద్ధమైనా సరే, చెప్పు.

వదిన లేచింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"వాసన లేదు," అంది.

"చూశావా," అని అన్నయ్య నవ్వి, అటు తిరిగి కట్టరు వెలిగించాడు. సన్నని నీలి మంట బుసకొట్టింది. నల్లద్దాలు కళ్ళ మీదికి లాక్కుని ఇటు తిరిగేసరికి, వదిన పావడా కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ట్యాంకు మీదికెక్కి, సుద్దగీత మీదే కూర్చుంది.

"ఇదేం పిచ్చే? దిగు."

"కొయ్యి. నేనిక్కడే ఉంటా."

"లూదా, దిగు. వాసన లేదని నువ్వే చెప్పావు."

"లేదు. అందుకే కూర్చున్నా."

ఆయన చేతిలో మంట మండుతూనే ఉంది. ఇద్దరి మధ్యా నాలుగు అడుగులు కూడా లేవు. ఆ పేలుడు చప్పుడు ఒకసారి విన్నవాళ్ళకి తెలుస్తుంది, చప్పుడు రాకముందు క్షణం ఎలా ఉంటుందో. కోళ్ళు మామూలుగానే గింజలు ఏరుకుంటున్నాయి. నాకు కోళ్ళ మీద కూడా కోపం వచ్చింది.

వదిన ఆయన వైపు చూడలేదు. నా వైపు చూసింది.

"బోహుమిల్ కూడా నన్నే అడిగాడు," అంది. "ఆ పొద్దున పీపాని మా వాకిట్లోకి దొర్లించుకొచ్చాడు. 'అక్కా, నాకు భయంగా ఉంది, నీ ముక్కుతో ఒకసారి చూసి చెప్పవే' అన్నాడు. చూశాను. ఇలాగే, రెండుసార్లు. ఏ వాసనా లేదు. 'భయమెందుకురా, కోసుకో' అన్నాను."

టప్పున చప్పుడైంది. ముగ్గురం ఉలిక్కిపడ్డాం. అన్నయ్య కట్టరు ఆర్పేశాడు, అంతే.

ఇన్నేళ్ళ కోలాచీలు నాకు కళ్ళముందు తిరిగాయి. కూర్చోమంటే కూర్చోని మనిషి. మంచితనం అనుకున్నది అప్పు తీర్చడమా? నా ఇంట్లో, నా బల్ల దగ్గర, నా పిల్లాడి తల నిమురుతూ, ఒక్క ముక్క చెప్పలేదా? ఆవిణ్ణి ఆ ట్యాంకు మీంచి జుట్టు పట్టి లాగాలనిపించింది. అబద్ధమెందుకు, నిజంగానే రెండడుగులు వేశాను. వేసినవాటిని ఎలా తిప్పానో తెలీదు, బోరు దగ్గరికి నడిచి రబ్బరు గొట్టం లాక్కొచ్చాను.

"దిగు వదినా," అన్నాను. "నీళ్ళు పెట్టాలి. అన్నయ్యా, మీ ఆవుల్ని మా దొడ్లోకి తోలు. మా తొట్టి నిండుగా ఉంది."

వదిన దిగింది, ఆయన ఆవుల్ని తోలి వచ్చాడు. గొట్టం కంతలో దూర్చాం. బోరు దగ్గుతూ, ఆగుతూ పోసింది. నీళ్ళు అడుగున మురికిని కదిలించి పైకి వచ్చేకొద్దీ లోపలున్న గాలి కంతలోంచి బయటికి రావాలి కదా. సగం నిండిందేమో, వదిన తల చివాల్న ఎత్తింది.

"జరగండి. గాలి వచ్చే వైపుకి, అందరూ. ఎవరూ ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు. ఆ ట్రాక్టరు జోలికి పోవద్దు."

మరి కాసేపటికి నాకూ వచ్చింది. కుళ్ళిన క్యాబేజీ కంపు. తుప్పు ఇన్నేళ్ళూ వాసనని తాగేసి, గ్యాస్‌ని మాత్రం ఉంచుకుంది; నీళ్ళు కదిలించేసరికి తాగిన వాసన కక్కింది. కంత పైన ఎండలో గాలి వణుకుతూ నేలకి జారి, ఇందాక అన్నయ్య మంట పట్టుకుని నిలబడ్డ చోటికి పాకుతోంది. ఆయన అది చూశాడు. మోకాళ్ళ మీద కూలబడి, టోపీ తీసి, ముఖం దాంట్లో దాచుకున్నాడు. అంత మనిషి భుజాలు కదులుతుంటే వదిన వెళ్ళి పక్కన కూర్చుంది, చెయ్యి వేయలేదు.

సాయంత్రం దాకా నీళ్ళు పొర్లనిచ్చాం. ఆయన ఆ ట్యాంకుని పాత ఇనుముకి ఇచ్చేస్తానన్నాడు, ఆ నాలుగోదే కొంటానన్నాడు. ఇవ్వడానికి వీల్లేదన్నది నేనే. "నీళ్ళు నిండా ఉన్నప్పుడు కోస్తే ఏమవుతుందో నేను చూడాలి అన్నయ్యా," అన్నాను. సోమవారం అంచుదాకా నీళ్ళతోనే కోశాడు. ఏమీ కాలేదు. ఆవిరి వచ్చింది, అంతే. ముప్ఫై ఏళ్ళ క్రితం ఒక గొట్టం, కాసిని నీళ్ళు సరిపోయేవి. నేను కొట్టం వెనక్కి వెళ్ళి ఏడ్చాను.

వదిన అక్కడికొచ్చింది. "నన్ను ఒక్క మాటైనా అనవేం ఓటీలీ?"

"అంటాను. ఇవాళ కాదు. శనివారం రా, అప్పుడంటాను. ఈసారి కూర్చోవాలి."

వచ్చింది. కూర్చుంది. అన్నాను. ఇద్దరం అరుచుకున్నదంతా రాయను. కోలాచీలు మాత్రం మిగల్లేదు.

ఆ పొయ్యిలో మొదటిసారి ఎద్దు రొమ్ము ముక్క పెట్టిన రోజున పొగ సన్నగా, నీలంగా వచ్చింది. బాగుందో లేదో చెప్పమని అన్నయ్య అడిగితే, వదిన ముక్కుతో చూడలేదు. మూత ఎత్తించి, కత్తితో కోసి, నోట్లో వేసుకుని చూసి చెప్పింది.

మర్నాడు ఆదివారం. పూజ అయ్యాక ఎప్పటిలాగే పూలు పట్టుకుని సమాధి దగ్గరికి వెళ్ళాను. మొండిఘటమా అనబోయి ఆగాను. పూలు పెట్టాను, రాతి మీద దుమ్ము తుడిచాను.

"అడిగావటగా," అన్నాను.