ఎండుచేపల చొక్కా

కుక్క వచ్చి పెద్దాయన మోకాలి మీద గడ్డం ఆనించింది. వల ఆయన పక్కనే నేలమీద ఉంది, దాన్ని ముట్టుకోలేదు. మేం పశువుల ఆసుపత్రి ప్రహరీ వెనక నక్కి చూస్తున్నాం. విశాఖపట్నం నుంచి వచ్చిన డాక్టరమ్మ చెయ్యి గాల్లో తిప్పి సైగ చేస్తోంది, వల వెయ్యమని. ఆయన చూడలేదు. తల పక్కకి తిప్పుకుని, పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా, "రండి బాబూ, కూర్చోండి. భయవేం లేదు. ఆయ్" అంటున్నాడు.

ఆ ఊరి కుక్క ఒకటి తనంతట తాను ఆయన దగ్గరికి నడిచి రావడం అదే మొదటిసారి.

ఇది రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. కోనసీమలో ఒక చిన్న ఊరు. అంతకుముందు వీధికుక్కలు ఎక్కువైతే చంపించేవారు. తర్వాత నిబంధనలు మారాయి. చంపకూడదు. నొప్పి కలక్కుండా పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, టీకా వేయించి, గుర్తుకి చెవి కొస కొంచెం కత్తిరించి, ఎక్కడ పట్టారో సరిగ్గా అక్కడే వదిలిపెట్టాలి. ఈ పనికి చుట్టుపక్కల మండలాల నుంచి ఏడుగురిని పిలిచి నాలుగు రోజుల శిక్షణ పెట్టారు. పేపరు జిల్లా పేజీకి నాలుగు లైన్లు రాసి పంపుదామని వెళ్ళినవాణ్ణి నాలుగు రోజులూ అక్కడే ఉండిపోయాను.

ఏడుగురిలో పెద్దవాడు ఆయనే. ముప్ఫై ఏళ్ళపాటు తీగ ఉచ్చుతో కుక్కల్ని పట్టినవాడు. ఆ సంగతి మనుషులకంటే కుక్కలకి బాగా తెలుసు. ఆయన సెంటర్లోకి వస్తే టీకొట్టు బల్లల కింద పడుకున్నవి లేచి, తొందర లేనట్టే నడిచి, సందు తిరగ్గానే పరుగెత్తేవి. టీకొట్టు యజమాని అనేవాడు: "రోజూ పొద్దున్నే ఓసారి వచ్చి వెళ్ళండి గురువు గారూ. బల్లల కింద ఊడ్చుకోడానికి వీలుగా ఉంటది."

ఆయన నవ్వేవాడు కాదు. ఆఖరి రోజు పరీక్షలో ఒక కుక్కని అరుపు లేకుండా, కాటు లేకుండా పట్టినవాళ్ళకే ఈ ఉద్యోగం. లేకపోతే మురుగు కాలవలు తియ్యడానికి పంపిస్తారు. రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుంది. "నా మోకాళ్ళకి కాలవలోకి దిగడం ఒక్కటే వచ్చండి, పైకి రావడం రాదు" అన్నాడు నాతో.

మొదటిరోజు కుక్క అసలు కుక్క కాదు. గోనెసంచిలో కొబ్బరి పీచు కుక్కి, తాడు కట్టి కాంపౌండరు లాగుతుంటే అందరూ దాని మీద వల వెయ్యాలి. ఐ.పోలవరం వైపు నుంచి వచ్చిన అతను చేపలవేట కుటుంబం వాడు. ఆ వల చేతిలోకి తీసుకుని బరువు చూసి, "దీనికి సీసం గుళ్ళు కూడా లేవేంటండీ" అని జాలిపడ్డాడు. తర్వాత ఏట్లో విసిరినట్టు ఒళ్ళంతా తిప్పి విసిరాడు. వల గొడుగులా విచ్చుకుంది. గోనెసంచీ, కాంపౌండరూ, డాక్టరమ్మా ముగ్గురూ లోపలే.

"కదలకండి డాక్టరు గారూ! కదిల్తే బిగుసుకుపోద్ది!" అని అరుస్తూ పరుగెత్తాడు.

ఆవిడ వలలోంచే అంది: "బాగా వేశారు. ఇప్పుడు నాకు నొప్పి కలక్కుండా తియ్యండి. రెండో పాఠం అదే."

రెండోరోజు మాటల పాఠం. ఎదురుగా నిలబడకూడదు, కళ్ళలోకి చూడకూడదు, ఒంగి ఒక పక్కకి తిరిగి కూర్చోవాలి, నెమ్మదిగా మాట్లాడాలి. మనవాళ్ళకి ఈ ఆఖరిది ఎంత బాగా వంటబట్టిందంటే, కాసేపటికి ఆసుపత్రి ఆవరణంతా "రండి, ఇలా రండి, తప్పుకోకండి" అని మోగిపోయింది.

డాక్టరమ్మ నవ్వాపుకోలేక, "కుక్కల్ని రండి అంటారేంటండీ మీరు!" అంది.

"నెమ్మదిగా పిలవమని మీరే చెప్పేరు కదండీ. 'రా' అంటే మా నోట్లో గట్టిగా వత్తాదండి" అన్నాడు కొత్తపేట నుంచి వచ్చినవాడు.

మూడోరోజు వీధుల్లోకి వెళ్ళారు. అక్కడే వచ్చింది చిక్కు. పెద్దాయన ఏ జట్టులో ఉంటే ఆ జట్టుకి కుక్క కనిపించడమే మానేసింది. మధ్యాహ్నానికి మిగతావాళ్ళు వేళాకోళం మొదలెట్టారు. "ఈయన్ని అవతలి జట్టుకి ఇచ్చెయ్యండి, మేం పాసైపోతాం." ఆయన తూము గట్టు మీద కూర్చుని భోజనం ముట్టుకోలేదు. "వాటి తప్పేం ఉందండి. మర్చిపోతే బతుకుతాయా?" అన్నాడు.

డాక్టరమ్మ వచ్చి ఆయన ఖాకీ చొక్కా చూసింది. "ఇది ఎన్నేళ్ళ నుంచి వేసుకుంటున్నారు?"

"రోజూ ఉతుకుతానండీ!" ఆయనకి కోపం వచ్చింది.

"ఉతికితే వాసన మీకు పోతుంది. వాటికి పోదు."

ఐ.పోలవరం అతను తన చేతిసంచి తెరిచి మడత చొక్కా తీశాడు. మూడు రోజులుగా అది ఎండు నెత్తళ్ళ చేపల పొట్లంతో కాపరం చేస్తోంది. సంచి విప్పగానే నలుగురు పక్కకి జరిగారు. "ఇది తొడుక్కో బాబాయ్."

పెద్దాయన వాసన చూసి మొహం చిట్లించాడు. "ఇదేసుకుని వెళ్తే మీ పిన్ని గుమ్మం ఎక్కనిత్తదా?"

"పిన్ని పరీక్ష కాదుగా రేపు, కుక్క పరీక్ష!"

నాలుగోరోజు పొద్దున జరిగిందే మొదట చెప్పాను. కుక్క ముందు చొక్కాని పలకరించింది, తర్వాత మనిషిని. ఆయన వల వెయ్యలేదు. రెండు చేతులా ఎత్తుకుని, పసిబిడ్డని తెచ్చినట్టు తెచ్చి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు.

"వల వెయ్యకుండా మార్కులెలా వెయ్యనండీ?" అందావిడ.

"పట్టమన్నారు, పట్టుకున్నాను కదండీ" అన్నాడు.

"సర్టిఫికెట్టు చొక్కా పేరున రాయండి డాక్టరు గారూ!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అందరికంటే గట్టిగా నవ్వింది పెద్దాయనే. సర్టిఫికెట్టు మాత్రం ఆయన పేరునే రాసి ఇచ్చారు. చొక్కా వెనక్కి ఇవ్వబోతే ఐ.పోలవరం అతను తీసుకోలేదు.

తర్వాత నాలుగేళ్ళూ ఆయన ఆ పనే చేశాడు. కొత్తలో చెవి కత్తిరించిన కుక్కని తెచ్చి వదిలితే, "ఇది మా వీధిది కాదండి, మాదానికి చెవులు రెండూ నిండుగా ఉండేవి" అని జనం దెబ్బలాడేవారు. కుక్క వెళ్ళి తన అరుగు కింద పడుకున్నాక ఊరుకునేవారు. టీకొట్టు బల్లల కింద మళ్ళీ ఖాళీ లేదు. "ఇప్పుడు నేనెలా ఊడ్చుకోనండీ, మీరొచ్చినా లేవట్లేదు!" అని యజమాని గొడవపెడితే, పెద్దాయన ఇంకో టీ చెప్పేవాడు.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. కూరగాయల మార్కెట్టు వెనక ఒక ఎర్ర కుక్క. దాని మెడ చుట్టూ వేలెడు వెడల్పున వెంట్రుకలు లేవు. "ఆ మచ్చ నా చేతిదేనండి. తీగ తెంపుకుని పోయింది" అని ఒకసారి చెప్పాడు. ప్రతి ఆదివారం ఆ చొక్కా వేసుకుని వెళ్ళి, ఇడ్లీ పొట్లం పెట్టి, పక్కకి తిరిగి కూర్చునేవాడు. అది వాసనకి నాలుగడుగులు వేసేది, చెవులు నిక్కించేది, ఆయన మొహం చూసి ఆగిపోయేది. ఆయన మలుపు తిరిగాక తినేది.

రిటైరయ్యే రోజు ఆయన రిజిస్టరు అప్పగిస్తుంటే నేను పక్కనే ఉన్నాను. పేజీలన్నిటా కుక్కల్ని పట్టిన తేదీలున్నాయి. "మార్కెట్టు వెనక, ఎర్రది, ఆడ, మెడ మీద మచ్చ" అని రాసిన వరసలో తేదీ గడి ఖాళీగా ఉంది.