గోడాదరా రూములో బీడీ వాసన

దయ్యాలు, గాలి సోకడాలు పనీపాటా లేనివాళ్ల మాటలని నేను ఎప్పుడూ అనేదాన్ని. ఇప్పుడు కూడా దయ్యం ఉందని చెప్పడానికి ఇది రాయడం లేదు. నేను చదివింది ఐదో తరగతే. ఎట్లా జరిగిందో అట్లా రాస్తున్నాను, అంతే.

మాది సిరిసిల్ల వైపు పల్లె. మా ఆయన సూరత్‌లో సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద బట్ట నేస్తాడు. మొదటి లాక్‌డౌన్‌లో ఊరికి వచ్చేశాం. మళ్లీ సాంచాలు నడిచాక తిరిగి పోయి సూరత్‌లోనే గోడాదరాలో వేరే రూము తీసుకున్నాం. అప్పటికి నేను కడుపుతో ఉన్నాను. అంతకుముందు ఒక కడుపు పోయింది. అందుకే ఈసారి మా అత్త కూడా వెంట వచ్చింది.

రూములో అడుగు పెట్టగానే బీడీ వాసన. పచ్చి పొగాకు వాసన కాదు, తాగి ఆర్పిన బీడీ వాసన. చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టినదాన్ని, రెండింటికీ తేడా నాకు తెలుసు. గోడలు పైవైపు పసుపు పట్టి ఉన్నాయి. మాకంటే ముందు అందులో రాజమల్లు అనే ముసలాయన ఒక్కడే ఉండేవాడట. ఆయనదీ మా వైపే. అందరూ ఊళ్లకు పోయినప్పుడు ఆయన పోలేదు. జ్వరం వచ్చి ఆ రూములోనే పోయాడు. ఆయన బొంత, కిటికీ పరదా ఇంకా అక్కడే ఉన్నాయి.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఇంట్లో ఎవరైనా తాగుతారా అని అడిగింది. ఎవరూ తాగరు గానీ వాసన ఉందని చెప్పాను. పొగ ఆరిపోయినా దాని విషం గోడలకు, బట్టలకు, పరుపులకు పట్టుకుని ఉంటుందని, కడుపులో బిడ్డకు అది మంచిది కాదని చెప్పింది. పాత బట్టలు పారేసి, గోడలు కడిగి, సున్నం వేయించుకోమంది. నన్ను మాత్రం ఆ పని ముట్టుకోవద్దంది.

మా ఆయన అన్నీ చేశాడు. అది అయ్యేదాకా నేను కింద మా వైపువాళ్ల ఇంట్లో ఉన్నాను. కార్ఖానాలో తోటివాళ్లు తాగుతారు కాబట్టి, ఆయన పని నుంచి రాగానే బట్టలు బయటే విప్పి, స్నానం చేశాకే నా దగ్గరికి వచ్చేవాడు. వాసన పోయింది.

కరోనా రెండోసారి గట్టిగా వచ్చినప్పుడు నాకూ జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ ముక్కు పని చేయడం మానేసింది. వెల్లుల్లి పోపు వేసినా తెలియదు, ఫినాయిల్ సీసా ముక్కు దగ్గర పెట్టుకున్నా తెలియదు.

మా అత్త నవ్వింది. "నీ మొగని సాక్సులు గిప్పుడే ఉతుకు పిల్లా. కష్టం తెల్వది."

అట్లాంటి రోజుల్లో, ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతుంటే బీడీ వాసన వచ్చింది. ఇంకే వాసనా రాని ముక్కుకు అదొక్కటే వచ్చింది. అదీ ఒక్క మూల నుంచే, ముసలాయన బొంత అంతకుముందు ఉన్న చోటు నుంచి.

మా ఆయన్ని నిలదీశాను. తాను తాగలేదని పుట్టబోయే బిడ్డ మీద ఒట్టు పెట్టాడు. ఆయనకు ఆ వాసన రావడం లేదు. మా అత్తకూ రావడం లేదు. నాకు మాత్రం రోజూ అదే. రూము మారుదామంటే కరోనా వచ్చినవాళ్లకు ఎవరూ ఇవ్వడం లేదు. మొదటి బిడ్డలాగే ఇదీ పోతుందేమోనని నేను చాలాసేపు రూముల ముందున్న గ్యాలరీలోనే కూర్చునేదాన్ని.

మా వైపు చనిపోయిన పెద్దలకు వాళ్లకు ఇష్టమైనవి పెడతారు. కల్లు తాగినవాళ్లకు కల్లు, బీడీ తాగినవాళ్లకు బీడీ. ఆ ముసలాయనకు పెట్టే దిక్కు లేక తిరుగుతున్నాడని, ఒక బీడీ ముట్టించి ఆ మూలన పెడితే పోతాడని మా అత్త అంది. వద్దని గట్టిగా చెప్పాను.

తర్వాత మా ఆయనతో ఆస్పత్రికి చూపించుకోవడానికి పోయి వచ్చేసరికి ఆ మూలలో గ్లాసు మీద బీడీ కాలుతోంది. తలుపు, కిటికీ మూసి ఉన్నాయి. రూమంతా పొగ.

గడప దగ్గరే ఆగిపోయాను. పొగ కళ్లకు కనిపిస్తోంది. కళ్లు మండుతున్నాయి. వాసన మాత్రం రావడం లేదు. నిజం బీడీ నా ముక్కుకు తెలియడం లేదు. మరి ఇన్ని రోజులు నాకు వచ్చింది ఏమిటి?

మా ఆయన బీడీ తీసి బయట పారేసి కిటికీ తెరిచాడు.

"నీ మంచికే చేసిన బిడ్డా," అని మా అత్త ఏడ్చింది.

నేను గడప అవతలే నిలబడి ఆ మూలకు చేతులు జోడించాను. ఎందుకు చేశానో తెలియదు.

"తాతా, నాకు ఒకటి పోయింది. ఇది నిలవాలె. తాగేది ఉంటే జర బయటికి పోయి తాగు. నీకు దండం పెడ్త."

రూము మళ్లీ కడిగేదాకా కిందే ఉన్నాను. తిరిగి వచ్చాక లోపల ఏ వాసనా లేదు. గ్యాలరీ చివర, మెట్ల దగ్గర మాత్రం వచ్చేది. కొంగు అడ్డం పెట్టుకుని దాటిపోయేదాన్ని.

పాప పుట్టింది. మంచిగా ఉంది. మెల్లగా నా ముక్కు బాగయింది, మెట్ల దగ్గరి వాసన కూడా పోయింది. కరోనా వచ్చినవాళ్లకు లేని వాసనలు వస్తాయని డాక్టరమ్మ చెప్పింది. అదే నమ్మాను. మనసు కూడా తేలికయింది.

కొన్నాళ్లకు పక్క రూములోకి ఒరియావాళ్లు వచ్చారు. వాళ్లకు మా సంగతి తెలియదు, ఆ ముసలాయన సంగతి అసలే తెలియదు. ఒకరోజు పాపను పొద్దుటి ఎండకు గ్యాలరీలోకి తెస్తే, ఆ ఇంటామె పాప బుగ్గ పట్టుకుని హిందీలో ఒక మాట అంది.

మీ ఇంటి ముసలాయన మంచివాడు దీదీ, నువ్వు పాపను బయటికి తేగానే బీడీ ఆర్పేసి మెట్లు దిగిపోతాడు, అని.

మా ఇంట్లో ముసలాయన ఎవరూ లేరు. పాపను ఎత్తుకుని లోపలికి పోయాను. ఆమె చూసింది ఎవరినో నాకు ఇప్పటికీ తెలియదు.