మా పాత మెషిన్ ఆగిన రోజు

నాకు కంట్రోల్ రూమ్ పని నేర్పిన సార్ రిటైరయ్యాక కొత్తగూడెంలో కూతురి ఇంట్లో ఉండేవారు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. రెండు మాటలు మాట్లాడితే ఆయాసం. మా థర్మల్ స్టేషన్‌లో ఆయన ఉద్యోగమంతా నడిపిన పాత యూనిట్‌ను మూసేస్తున్నారన్న కబురు ఆయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ యూనిట్‌లో నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం గాలివానకు అడవిలో పెద్ద కరెంటు లైన్ పడిపోయింది. దాంతో ఇంకెక్కడో ఒక స్టేషన్ ఆగింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ చూపే మీటరు ముల్లు కిందికి జారుతుంటే మా మెషిన్ చప్పుడు మారింది. భయంతో నా చెయ్యి మెషిన్‌ను ఆపేసే ట్రిప్ బటన్ మీదికి పోయింది. సార్ నా మణికట్టు పట్టుకున్నారు.

"ఆగు బిడ్డా. అది తన తిరుగుడులకెళ్లి తీసి ఇస్తున్నది. ఇయ్యనియ్."

ముల్లు నిలబడింది, తర్వాత మెల్లగా పైకొచ్చింది. చాయ్ తాగుతూ సార్ విడమర్చి చెప్పారు. గ్రిడ్‌కు కట్టిన పెద్ద జనరేటర్లన్నీ ఒకే లయలో తిరుగుతాయట. ఒకటి హఠాత్తుగా తప్పుకుంటే మిగతావి తమ రోటర్ల బరువులో, వేగంలో ఉన్న శక్తిని ఆ క్షణమే ఇచ్చేసి కాస్త నెమ్మదిస్తాయట. ఆవిరి పెంచుకోవడానికి మనకు దొరికే వ్యవధి అదే. అది దొరక్కపోతే ఒకదాని వెనక ఒకటి ఆగిపోయి ఊళ్లన్నీ చీకటవుతాయి.

మూసివేత కబురు సార్‌కు చెప్పాను. ఆయన విని, బొగ్గు లేకున్నా జనరేటర్‌ను తిప్పొచ్చు కదా అన్నారు. టర్బైన్ నుంచి విడదీసి గ్రిడ్ కరెంటుతోనే ఖాళీగా తిప్పితే వోల్టేజీని నిలబెడుతుంది, ఆపదలో ఆ బరువు ఆదుకుంటుంది. బొగ్గు బదులు వస్తున్న సోలార్ పలకల్లో అట్లా తిరిగే బరువు ఉండదు. ఆయన అన్నది నిజమే. నేను ప్రతిపాదన రాసి పై ఆఫీసుకు పంపాను. రోటర్ మరీ పాతదని, ఖర్చు గిట్టదని జవాబు వచ్చింది. వాళ్ల మాటా తప్పని అనలేను. ఫోన్‌లో చెప్పడానికి మనసొప్పక ఇంటికి వెళ్లాను. సార్ తల ఊపి, ఆపే రోజు తనను తీసుకెళ్లమని అడిగారు.

కూతురు వద్దంది. ఆయన వినలేదు. ఆక్సిజన్ సిలిండర్‌తో సహా కారులో తీసుకొచ్చి, లిఫ్ట్‌లో టర్బైన్ హాలుకు ఎక్కించి, మెషిన్ పక్కన కుర్చీ వేశాం. ఆవిరి మూశారు. బ్రేకర్ తెరుచుకుంది. గ్రిడ్ నుంచి విడిపోయాక కూడా రోటర్ తన ఊపు మీద తాను తిరుగుతూనే ఉంది. సార్ బేరింగ్ పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నారు. హోరు సన్నగిల్లి, సన్నగిల్లి, చివరికి ఆగింది. కొందరు ఫోటోలు దిగుతున్నారు.

సార్ నా వైపు తిరిగారు. "బారింగ్ గేర్ ఏస్తలేరా?"

వేడిగా ఉన్న షాఫ్ట్, అంటే రోటర్ ఇరుసు, కదలకుండా ఉంటే వంగిపోతుంది. అందుకే ఆపిన ప్రతిసారీ చిన్న మోటారుతో చల్లారేదాకా నిదానంగా తిప్పుతాం. మళ్లీ ఎన్నడూ నడవని షాఫ్ట్‌కు అదెందుకని ఆ రోజు ఎవరూ వేయలేదు.

"ఏస్తున్నం సార్," అన్నాను. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ నన్ను చూసి, ఏమీ అడక్కుండా తనే వెళ్లి వేశారు. షాఫ్ట్ మళ్లీ మెల్లగా కదిలింది.

"వేడి మీదున్నది బిడ్డా. గట్లనే ఇడిచిపెట్టొద్దు," అన్నారు సార్. ఆయన కళ్లు తుడుచుకోవడం అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

ఇంటికి చేరేసరికి ఆయాసం ఎక్కువైంది. దవాఖానాలో చేర్చారు. కొన్నాళ్లు అక్కడే ఉండి, వానలు మొదలయ్యాక పోయారు. దినాలకు వెళ్తే కూతురు నాకు నీళ్లిచ్చి పక్కన కూర్చుంది. ఆ రోజు తీసుకుపోకుంటే నాయిన ఇంకొన్నాళ్లు ఉండేటోడేమో అంది. కోపంగా అనలేదు.