అర్థం కాని మాస్టారు

మా న్యార్కో మాస్టారికి లెక్కలు అర్థం కావు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషిని అలా అనకూడదు గానీ, అనేది నేను కాదు, ఆయనే. నోరు తెరిస్తే చాలు, "నాకర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" అనేవాడు.

మేమంతా పల్లె బడుల్లో టీచర్లం, ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నాం. పాఠం ఆయన ముందే రికార్డు చేసి ఫోన్లో పంపేవాడు. వెనకాల ఆయన మేక అరుస్తూ ఉండేది. "దాన్ని పట్టించుకోకండి, దానికి భిన్నాలు వచ్చు" అనేవాడు. మేం విని, లెక్కలు చేసి పంపాలి. శనివారం టెచిమాన్ పట్నంలో తరగతికి పోతే ఆయన బోర్డు ఛాయలకే వెళ్లడు. వెనక బెంచీలో కూర్చుని వేరుశనగలు నములుతాడు. పాఠం చెప్పాల్సింది మేము!

"ఫీజూ మేమే కట్టి, పాఠమూ మేమే చెప్పుకోవాలా?" అని బోవాతెంగ్ అన్న రుసరుసలాడేవాడు.

"నాకర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు."

నేను లెక్కల్లో రెండుసార్లు తప్పాను. మూడోసారీ తప్పితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు, ఆ వెనకే ఉద్యోగమూ ఊడుతుంది. నోరు విప్పితే నా తెలివి బయటపడుతుందని భయపడి మూల కూర్చునేదాన్ని.

ఒక శనివారం ఆయన వేరుశనగల పొట్లంతో సహా నా పక్కన చేరాడు.

"సెర్వా, మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎట్లా వస్తుందమ్మా? రెండు దరిద్రాలు కలిస్తే ఐశ్వర్యమా?"

తరగతంతా ఘొల్లుమంది. ముందురోజు నేను పంపిన లెక్కలో తప్పు సరిగ్గా అదే.

"నాకూ తెలీదు మాస్టారూ."

"అయితే ఇద్దరం మొద్దులమే. పద, బోర్డు దగ్గర తేల్చుకుందాం."

చాక్‌పీసు పట్టుకుని నిలబడితే, కిటికీలోంచి కుమాసీ పట్నానికి జనాన్ని ఎక్కించుకుపోయే ట్రోట్రో వ్యాను ఒకటి రివర్సులో వస్తూ కనిపించింది. అంతే!

"మాస్టారూ, బండి ముఖం కుమాసీ వైపుంది. వెనక్కి తిప్పేశాం, అదో మైనస్. ఇప్పుడు రివర్సు గేరు వేశాం, ఇంకో మైనస్. బండి ఎటు పోతుంది?"

"నాకర్థం కాలేదు, ఇంకోసారి..."

"కుమాసీకే పోతుంది మాస్టారూ, కుమాసీకే!" అని అరిచాను. బోవాతెంగ్ అన్న బెంచీ మీద దరువేశాడు.

అప్పుడు తెలిసింది నాకు. ఆయనకి అర్థం కానిదల్లా మాలో ఎవరికో అర్థం కానిదే. మేం సిగ్గుతో అడగలేమని ఆయనే మొద్దు వేషం కట్టేవాడు.

ఫలితాలొచ్చిన రోజు ఆయనింటికి పరుగెత్తాను.

"మాస్టారూ, పాసయ్యాను! లెక్కల్లో ఎనభై దాటాయి!"

ఆయన లోపల్నుంచి భార్యని పిలిచాడు. గోడ మీద నుంచి పక్కింటివాళ్లని కేకేశాడు. అందరూ చేరాక నా వైపు తిరిగి, "నాకర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు, గట్టిగా" అన్నాడు.

గట్టిగానే చెప్పాను. మేక కూడా వింది.